సహారాలో స్నానఘట్టం పరిశీలనలో ఉంది

ప్రపంచంలో దేశాలు రెండు రకాలు. గోదావరి ఉన్నవి, గోదావరి లేనివి. మొదటి రకంలో ఒక్క దేశమే ఉంది కాబట్టి దాని గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. రెండో రకంలో మిగిలిన ప్రపంచమంతా పడి ఉంది. అందులో ఆఫ్రికాకు ఉత్తరపు కొసన, అట్లాంటిక్ ఒడ్డున మొరాకో అని ఒక దేశం ఉంది. ఆ దేశం మీద రాజమహేంద్రవరం నుంచి వెలువడిన సమగ్ర యాత్రా మార్గదర్శినికి కర్తను నేనే. (సమగ్రం అన్న మాట అట్ట మీద ఉంది. అట్ట కూడా నేనే రాశాను.)

ఆ దేశాన్ని నేను చూడలేదు. చూడకుండా రాయడం నాకు అలవాటే. మా ఊళ్లో బుజ్జిబాబు గారని యాత్రా బస్సులు నడిపే ఆయన ఉన్నారు. ఇరవై ఏళ్లుగా కాశీకి, రామేశ్వరానికి, చార్‌ధామ్‌కి వంటవాళ్లతో, గిన్నెలతో సహా జనాన్ని తీసుకెళ్లి తీసుకొస్తుంటారు. ఎక్కినవాళ్లందరికీ ఒక చిన్న పుస్తకం ఇస్తారు. అది రాసేది నేను. కాశీ పుస్తకం మా అరుగు మీద కూర్చుని రాశాను. ఇప్పటిదాకా ఎవరూ తప్పు పట్టలేదు, చదివినవాళ్లు లేరు గనక.

నా పేరు మణిశంకర్. ముప్పై నాలుగేళ్లు ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి హెడ్ క్లర్కుగా రిటైరయ్యాను. అంత సర్వీసులో నేను నేర్చుకున్న విద్య ఒక్కటే. ఖాళీ గడి ఉన్న కాగితం పైకి కదలదు. గడిలో ఏం రాశామన్నది ఎవరూ చూడరు, రాశామా లేదా అన్నదే చూస్తారు. ఈ విద్యతోనే మూడు ప్రమోషన్లు సంపాదించాను.

కిందటేడు బుజ్జిబాబు గారు ఇక దేశాలు దాటుదామని నిశ్చయించుకున్నారు. సింగపూర్, దుబాయ్ అందరూ తీసుకెళ్తున్నారు కాబట్టి ఎవరూ తీసుకెళ్లని చోటు కావాలన్నారు. మొరాకో అన్నది ఆయనకు ఎక్కడ తగిలిందో నాకు తెలియదు. పది రోజుల్లో ముప్పై ఇద్దరు పేర్లు రాయించుకున్నారు. కనీసం పదిహేను మంది ఉంటేనే గుంపు టిక్కెట్టు, గుంపు వీసా. పుస్తకం నన్ను రాయమన్నారు. ప్రతిఫలంగా నాకూ ఒక సీటు ఉచితం.

చిక్కల్లా నమూనా దగ్గర వచ్చింది. బుజ్జిబాబు గారి పుస్తకాలకు ఒక అచ్చు నమూనా ఉంది. ప్రతి ప్రదేశం కిందా ఎనిమిది గడులు ఉంటాయి. క్షేత్రం, తీర్థం, స్నానఘట్టం, దర్శన వేళలు, ప్రసాదం, ధరించవలసిన వస్త్రాలు, చెప్పులు విడుచు స్థలం, కాఫీ దొరుకు దూరం. మొరాకోకి వేరే నమూనా తయారు చేద్దామన్నాను. ఇరవై ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి మారిస్తే జనం కంగారు పడతారండి అన్నారాయన. నిజమే అనిపించింది. నమూనా మార్చడం కన్నా దేశాన్ని మార్చడమే తేలిక.

అలా సహారా ఎడారి కింద స్నానఘట్టం అన్న గడి వచ్చింది. లేదు అని రాస్తే అది లోపంగా కనిపిస్తుంది. ఉంది అని రాస్తే అబద్ధం. నా సర్వీసు అక్కరకొచ్చి, "పరిశీలనలో ఉంది" అని రాశాను. మర్రకేష్ నగరంలో సాయంత్రమయ్యేసరికి పాటగాళ్లు, కథలు చెప్పేవాళ్లు, పొగలు కక్కే తిండి బళ్లు చేరే పెద్ద మైదానం కింద, ప్రసాదం గడిలో, "భక్తులు స్వయంగా కొనుక్కోవాలి" అని రాశాను. ఫెజ్ నగరంలో తోళ్లకు రంగులద్దే రాతి తొట్లు వందల ఏళ్లుగా ఉన్నాయి. ఆ వాసనకు తట్టుకోలేరని వచ్చినవాళ్ల చేతికి పుదీనా రెమ్మ ఇస్తారట, ముక్కు దగ్గర పెట్టుకోవడానికి. తీర్థం గడి ఖాళీగా ఉంటే ఆ పుదీనాని అందులో వేశాను. కాసాబ్లాంకాలో సముద్రం అంచున కట్టిన పెద్ద మసీదుకు మాత్రం దర్శన వేళలు నిజంగానే ఉన్నాయి, వేళప్రకారం గైడు వెంట లోపలికి వెళ్లనిస్తారు, చెప్పులూ విప్పాలి. పుస్తకం మొత్తంలో పూర్తిగా నిజమైన గడులు అవి రెండే.

ఇంతవరకూ ప్రమాదం లేదు. ప్రమాదం తొమ్మిదో గడితో వచ్చింది.

పేర్లిచ్చినవాళ్లలో కొందరు భయపడుతున్నారని బుజ్జిబాబు గారు "యాత్రికుల మానసిక సంసిద్ధతా ఉపసంఘం" ఒకటి వేశారు. (అందులో సభ్యులు ఆయన, ఆయన బస్సు డ్రైవరు సురేంద్ర.) తెలియని చోటంటేనే భయం కాబట్టి, ప్రతి ప్రదేశానికీ మన జిల్లాల్లో అలాంటిదే ఒకటి చూపిస్తే భయం పోతుందని ఉపసంఘం తీర్మానించింది. దానికి నేను పెట్టిన పేరు "స్థానిక సమానం". ఆ గడి నింపుతుంటే నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. అప్పటిదాకా తెలియని దేశం గురించి రాస్తున్నవాణ్ణి, ఒక్కసారిగా తెలిసిన ఊళ్ల గురించి రాసే అవకాశం దొరికింది.

మొరాకోలో రియాద్ అనే పాతకాలపు ఇళ్లుంటాయి. బయటికి గోడ, లోపల నాలుగువైపులా గదులు, మధ్యలో ఆకాశం కనబడే ఆవరణ. స్థానిక సమానం, కోనసీమ మండువా లోగిలి. బండి పట్టని ఫెజ్ సందులకు, మా మెయిన్ బజారు వెనక సందులు. షెఫ్‌షావెన్ అని ఊరు ఊరంతా నీలం రంగేసుకున్న కొండ ఊరుంది, దానికి మా బావమరిది ఇల్లు (ఆ ఏడు ఇంటికి నీలం వేయించాడు). మట్టితో కట్టిన పాత కోట ఊరికి, పోలవరం పనుల దగ్గర మట్టి గుట్టలు. శుక్రవారాలు వాళ్లు ఇష్టంగా తినే కుస్కుస్ అంటే ఆవిరి మీద ఉడికించిన గోధుమ రవ్వ, కూరలు పైన వేసి పెడతారు. స్థానిక సమానం, ఉప్మా. సహారాకు రెండు రోజులు ఆలోచించి, గోదావరి ఇసుక లారీలకెత్తే బొబ్బర్లంక ఇసుక ర్యాంపు అని రాశాను.

పుస్తకం అచ్చయింది. నలభై ఎనిమిది పుటలు. ప్రయాణానికి ముందు ముందస్తు పరిచయ శిబిరాలు మూడు ఆదివారాలు, హాజరు తప్పనిసరి, వేదిక మా ఊరి కల్యాణమండపం. ఉపన్యాసకుణ్ణి నేనే. మొదటి ఆదివారం వాళ్ల అతిథి మర్యాద గురించి చెప్పాను. ఇంటికొచ్చినవాళ్లకు పుదీనా టీ ఇస్తారని, ఎత్తునుంచి సన్నటి ధారగా గ్లాసులో పోస్తారని, మూడు గ్లాసులు తాగితేనే మర్యాద అని వివరించాను. మండపేట నుంచి వచ్చిన జగన్నాథరావు గారనే రైతు చెయ్యెత్తారు. "మూడేనాండీ? మా ఇంటికొస్తే ఐదో అట్టు తినకుండా గుమ్మం దిగనివ్వమండి," అన్నారు. హాలంతా అవునంది. అక్కడితో ఆగితే బాగుండేది. మర్యాదలు మన దగ్గర ఎక్కువే కదండీ అని నేను కూడా అన్నాను.

తర్వాత ఆయన పుస్తకం తిరగేసి, ఇంట్లో వద్దన్నా రోజూ ఉప్మా పెడుతున్నారని, దానికోసం రెండు విమానాలు మారడం ఎందుకని ఆలోచనలో పడ్డారు. మర్నాడు విరమించుకుంటున్నట్టు ఫోను చేశారు. ఆ వారంలో తొమ్మిది మంది విరమించుకున్నారు. బుజ్జిబాబు గారు పద్ధతి గల మనిషి కాబట్టి దీనికి ఒక విరమణ పత్రం అచ్చు వేయించారు. అందులో కారణం అన్న గడి దగ్గర అందరూ ఒకటే రాస్తున్నారని, రాసే శ్రమ తప్పించడానికి రెండో విడత పత్రాల్లో దాన్ని ముందే అచ్చు వేయించారు. "ఇదివరకే చూచితిమి. పుస్తకం పుట సంఖ్య ........"

రెండో ఆదివారం ఒకావిడ సహారాలో స్నానఘట్టం ఎప్పటికి పూర్తవుతుందని అడిగారు. పరిశీలన దశలో ఉందని చెప్పాను. పుష్కరాల నాటికైనా అవుతుందా అన్నారు. చెప్పలేమన్నాను. అయితే అయ్యాకే వెళ్తామని ఆవిడా, ఆవిడ తరపు వాళ్లూ కలిపి ఆరుగురు పత్రాలు నింపారు. మూడో ఆదివారం తర్వాత మరో ముగ్గురు. ముప్పై ఇద్దరిలో పద్నాలుగు మంది మిగిలారు.

కనీసం పదిహేను. లెక్క తెలుసుకుని బుజ్జిబాబు గారు నా వైపు చూశారు. విమానం వాళ్లు తలలు లెక్కపెడతారని, రచయిత తల కూడా తలే అని అన్నారు. అంటే నేను వెళ్తే యాత్ర ఉంది, వెళ్లకపోతే లేదు. నాకు పాస్‌పోర్టు లేదు. మొరాకో మార్గదర్శిని కర్తకు పాస్‌పోర్టు లేకపోవడం విడ్డూరమే గాని, ఆ విషయం అడిగే గడి నమూనాలో లేదు.

ఆ వారంలోనే సత్యకుమారి గారు మా ఇంటికొచ్చారు. మిగిలిన పద్నాలుగు మందిలో ఆవిడ ఒకరు. జంగారెడ్డిగూడెం హైస్కూల్లో సోషల్ టీచరుగా రిటైరయ్యారు. మూడు శిబిరాల్లోనూ ముందు వరసలో కూర్చుని రాసుకున్నది ఆవిడొక్కరే. పొద్దున్నే బస్సెక్కి వచ్చారట. మా ఆవిడ సీతారామలక్ష్మి కాఫీ ఇచ్చింది. సత్యకుమారి గారు సంచిలోంచి నా పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. దాన్నిండా ఎర్ర సిరా. నా పుస్తకం మొత్తం చదివిన మొదటి మనిషిని అప్పుడు చూశాను. సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

సహారాలో ఇసుక పావు వంతేనని, మిగతాదంతా రాయీ గులకా అని ఆవిడ మెల్లిగా చెప్పారు. ఉప్మా దగ్గర ఒక ప్రశ్నార్థకం పెట్టారు. సహారా తొమ్మిదో గడి చుట్టూ మాత్రం గుండ్రంగా గీత గీశారు. "ఇదొక్కటీ ఖాళీగా వదిలేయాల్సిందండి," అన్నారు.

ఖాళీ గడి ఉంటే కాగితం కదలదని నేను చెప్పబోయాను. ఆవిడ సంచిలోంచి మూతున్న ఒక గాజు సీసా తీశారు. స్కూల్లో సోషల్ గది బీరువాలో నల్లరేగడి, ఎర్రమట్టి, ఒండ్రుమట్టి, అన్నీ ఇలాంటి సీసాల్లో పెట్టారట. ఒక్కటి లేదట.

"ముప్పై ఒక్క సంవత్సరాలు బోర్డు మీద సహారా గీశానండి. ఏటా ఎవరో ఒకళ్లు అడుగుతారు, మీరు చూశారా టీచర్ అని. లేదమ్మా అనేదాన్ని. ఒక్కసారి అవునమ్మా అనాలండి. మా తమ్ముడు ఒంటరిగా పంపనంటాడు, మనవాళ్లు నలుగురూ ఉంటే సరే అన్నాడు. మీరొకళ్లు వస్తే చాలండి."

తప్పకుండా వస్తానన్నాను. ఆ మాట నేను మనస్ఫూర్తిగానే అన్నాను. ఆవిడ వెళ్లేటప్పుడు మెట్ల దాకా వెళ్లి సాగనంపాను కూడా. ఆవిడ బస్సు స్టాండుకు ఆటో ఎక్కాక నాకు కళ్లు చెమర్చాయి. (నా ఉదారత్వాన్ని నేనే చూసుకుని.)

పాస్‌పోర్టుకి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాను. ఒక్క గడి ఖాళీ వదల్లేదు. రోజు, వేళ ఇచ్చారు. అన్ని కాగితాలూ రెండేసి జిరాక్సులు తీయించి, ఫైలు కట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. గుమ్మం దగ్గర అంతా సక్రమంగా ఉంది. నా వేళకు నన్ను పిలిచారు. ఆ కార్యాలయం వల్ల నాకు ఒక్క ఇబ్బందీ కలగలేదు, ఆ సంగతి ఇక్కడ విచారంతో నమోదు చేస్తున్నాను. నిందించడానికి ఎవరూ దొరకలేదు. లేచి, లోపలికి వెళ్లాల్సినవాణ్ణి, బయటికొచ్చి ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను.

మా ఆవిడకు సర్వర్ పనిచేయలేదని చెప్పాను. ఆవిడ కూరగాయలు తరుగుతూ తలెత్తలేదు.

"వెళ్తే తెలిసిపోద్దని భయం మీకు," అంది.

అదే. నేను ఇంత వివరంగా రాసినదాన్ని ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది. పుస్తకానికి మంచి పేరొచ్చింది. రాజమండ్రిలో నన్ను మొరాకో మణిశంకర్ గారు అంటున్నారు. రెండో ముద్రణ ప్రెస్సులో ఉంది. ఆ ఇసుక మీద నిలబడి, ఇది బొబ్బర్లంక కాదని పద్నాలుగు మంది ఎదుట నేనే ఒప్పుకోవాల్సి వస్తే నా గతేం కాను. నేను వెళ్లనంతకాలం నా మొరాకోకి వచ్చిన ఢోకా లేదు. సిగ్గుపడాల్సిన సంగతే, సిగ్గుపడ్డాను కూడా. పడి, విరమణ పత్రం తీసుకుని నింపాను. కారణం అచ్చులోనే ఉంది కాబట్టి పుట సంఖ్య దగ్గర, ఒకటి నుంచి నలభై ఎనిమిది, అని రాశాను.

యాత్ర రద్దయింది. సత్యకుమారి గారికి ఫోను చేసి చెప్పే పని బుజ్జిబాబు గారికి అప్పగించాను. ఆవిడ ఏమన్నారని అడిగితే, "అలాగేనండీ అన్నారండి," అన్నారు. ఇంకేమన్నా అన్నారా అంటే, లేదన్నారు. తిట్టినా బాగుండేదనిపించింది.

అయితే జరిగిన నష్టంలోంచి కూడా ఒక వ్యవస్థ పుట్టకపోతే మన జిల్లాకు పేరెలా వస్తుంది. తొమ్మిదో గడినే పట్టుకుని ఉపసంఘం "ఏకదిన మొరాకో" అనే యాత్ర ప్రకటించింది. పాస్‌పోర్టు అక్కర్లేదు, ఆధార్ చాలు. యాభై నాలుగు సీట్లూ ఒక్క రోజులో నిండిపోయాయి. విరమించుకున్న పద్దెనిమిది మందీ కుటుంబాలతో వచ్చారు. జగన్నాథరావు గారు నల్ల కళ్లద్దాలు, పెద్ద అంచు టోపీ పెట్టుకుని వచ్చారు. పొద్దున నూలు రంగులేసే తొట్లు చూపించి పుదీనా పంచాం. మధ్యాహ్నం కోనసీమలో ఒక మండువా ఇంట్లో భోజనం, ఉప్మాతో సహా. పక్కనే ఉందని మా బావమరిది నీలం ఇల్లు కూడా చూపించాను. అక్కడ జనం లైను కట్టి ఫొటోలు తీసుకుంటుంటే మా చెల్లెలు లోపలికెళ్లి తలుపేసుకుంది.

సత్యకుమారి గారు కూడా వచ్చారు. ఆవిడ మొరాకోకి కట్టిన అడ్వాన్సును ఈ బస్సుకు మార్చేశారు బుజ్జిబాబు గారు, అడక్కుండానే. కిటికీ పక్కన కూర్చుని దారంతా బయటికి చూస్తూ ఉన్నారు. నేను మైకులో వివరణ ఇస్తున్నంతసేపూ ఆవిడ వైపు చూడకుండా జాగ్రత్త పడ్డాను.

సాయంత్రం బొబ్బర్లంక ఇసుక ర్యాంపు దగ్గర సహారా దర్శనం. జనం చెప్పులు విప్పి ఇసుకలోకి పరుగెత్తారు. పక్కనే నీళ్లుండటం వల్ల స్నానఘట్టం సమస్య కూడా తీరిందని ఒకావిడ మెచ్చుకున్నారు. సత్యకుమారి గారు ఒడ్డునే నిలబడి ఉన్నారు. చేతిలో ఆ సీసా ఉంది. బుజ్జిబాబు గారు ఆదుకునే మనిషి కాబట్టి దగ్గరికెళ్లి, నింపుకోండి టీచరు గారూ, ఇసుక ఎక్కడైనా ఇసుకే అన్నారు.

"పైన చీటీ మీద ఏం రాయమంటారండి?" అని అడిగారావిడ.

ఆ ప్రశ్న ఆయన్ని అడిగినా, చూసింది నన్ను. నేను మైకు వైరు సర్దుకున్నాను. ఆవిడ మూత బిగించి సీసా ఖాళీగానే సంచిలో పెట్టుకున్నారు.

నా కీర్తి మాత్రం పెరుగుతూ పోయింది. రెండు కాలేజీల్లో, ఒక సీనియర్ సిటిజన్ల సంఘంలో మొరాకో సంస్కృతి మీద మాట్లాడాను. కిందటి నెల జంగారెడ్డిగూడెం హైస్కూలు నుంచి పిలుపు వచ్చింది. ఏ హైస్కూలో అడగాల్సిన పని లేకపోయింది. పూర్వ ఉపాధ్యాయులను కూడా ఆహ్వానించామని కాగితంలో ఉంది. అసలు వెళ్లకూడదనుకున్నాను. వాళ్లు శాలువా అన్నారు.

సోషల్ గదిలోనే సభ. బీరువా అద్దం వెనక సీసాలు వరసగా ఉన్నాయి. నల్లరేగడి, ఎర్రమట్టి, ఒండ్రుమట్టి. చివర ఒక ఖాళీ సీసా. దాని మీద గుండ్రటి చేతిరాతతో, "సహారా. ఇంకా చూడలేదు" అని చీటీ అంటించి ఉంది. నేను బీరువాకు వీపు పెట్టి నిలబడి నలభై నిమిషాలు మాట్లాడాను. ధారగా పోసే టీ దగ్గర పిల్లలు నవ్వారు. సత్యకుమారి గారు వెనక బెంచీలో కూర్చుని, ఎప్పటిలాగే రాసుకుంటున్నారు.

చివర్లో ప్రశ్నలు అడగమన్నారు. మూడో వరసలోంచి దీవెన అనే అమ్మాయి లేచి నిలబడింది. ఎనిమిదో తరగతి.

"సహారా మీరు చూశారా సార్?" అంది.

వెనక బెంచీలో పెన్ను ఆగింది.

"చూశానమ్మా," అన్నాను.

ఆ గదిలో ఆ ప్రశ్నకు అవునని చెప్పినవాళ్లలో నేనే మొదటివాణ్ణి కావడంతో, పిల్లలందరూ లేచి చప్పట్లు కొట్టారు. శాలువా సత్యకుమారి గారి చేత కప్పించారు.